అసెన్షన్ దీవిలో పిల్లులు పోయాక ఏం జరిగింది

2012 డిసెంబరులో, దక్షిణ అట్లాంటిక్ మధ్యలో ఉన్న అసెన్షన్ దీవి మీద, లావా రాళ్ల నడుమ రెండు ఫ్రిగేట్ పక్షుల గూళ్లు కనిపించాయి. రెండే రెండు గూళ్లు. అయినా పక్షుల మీద పని చేసేవాళ్లకు అది చాలా పెద్ద వార్త. అసెన్షన్ ఫ్రిగేట్ పక్షి ప్రపంచం మొత్తంలో గుడ్లు పెట్టేది ఈ ఒక్కచోటే, కానీ ప్రధాన దీవి నేల మీద అది గూడు కట్టి అప్పటికి దాదాపు 180 ఏళ్లు దాటింది. అన్నేళ్లూ ఆ జాతి మొత్తం తీరానికి కాస్త దూరంగా సముద్రంలోంచి నిలువుగా లేచిన బోట్స్‌వెయిన్‌బర్డ్ ఐలాండ్ అనే ఒక బండ మీద ఇరుక్కుని బతికింది. కొద్ది హెక్టార్ల రాయి అది. దాని మీద ఏ రోగమో వచ్చినా, ఓ పెద్ద తుఫాను కొట్టినా కథ అక్కడితో అయిపోయేది.

ఆ పక్షులను అక్కడికి తరిమింది పిల్లులు. పిల్లులను తెచ్చింది మనుషులు, ఎలుకల కోసం. ఆ ఎలుకలు వచ్చిందీ మనుషుల ఓడల్లోనే. అసెన్షన్ కథంతా దాదాపు ఇలాగే నడుస్తుంది, ఒక ఇబ్బందిని తీర్చడానికి తెచ్చిన ప్రాణి మరో ఇబ్బంది అయి కూర్చోవడం, దానికి మళ్లీ ఇంకోదాన్ని తేవడం. ప్రకృతి పరిరక్షణ అంటే మొక్కలు నాటడం, జంతువులను తెచ్చి వదలడం అనుకునే అలవాటు చాలామందికి ఉంది కాబట్టి ఈ చిన్న దీవి చరిత్ర తెలుసుకోవడం అవసరం. ఇక్కడ మేలు జరిగిన దాదాపు ప్రతిచోటా అది దేన్నో ఆపడం వల్లో, తీసేయడం వల్లో జరిగింది.

ముందు ఆ నేల ఎలాంటిదో చూడాలి. అసెన్షన్ ఒక అగ్నిపర్వతం కొన. సముద్రం పైకి తేలి సుమారు పది లక్షల ఏళ్లు, భూమి లెక్కలో నిన్నగాక మొన్న. వైశాల్యం 88 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర ఓ చిన్న మండలమంత. ఆఫ్రికా తీరం 1,600 కిలోమీటర్లు, బ్రెజిల్ 2,200 కిలోమీటర్లకు పైనే. దగ్గరి మనుషులు సెయింట్ హెలీనా దీవిలో ఉంటారు, అదీ 1,300 కిలోమీటర్ల దూరం. కింద తీరాన ఉన్న జార్జ్‌టౌన్‌లో ఏడాది మొత్తం పడే వాన 150 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కరువు జిల్లా అనుకునే అనంతపురంలో కూడా సగటున 550 మిల్లీమీటర్లు పడుతుంది, దాన్నిబట్టి అక్కడి ఎండ ఊహించుకోవచ్చు. 859 మీటర్ల గ్రీన్ మౌంటెన్ శిఖరం మీద మాత్రం మబ్బు ఆగి, మంచు తుంపర పడి, కొంచెం తేమ ఉంటుంది. మిగతాదంతా బూడిద, రాయి, లావా.

అలాంటి చోట సహజంగా పాకేవీ, నడిచేవీ చాలా తక్కువ. నేల మీద పాలిచ్చే జంతువు ఒక్కటి కూడా లేదు. ఉన్నవాటిలో పెద్దది నేల పీత, కొండ మీద బతుకుతూ గుడ్లు వదలడానికి మాత్రం కిలోమీటర్ల కొద్దీ నడిచి సముద్రానికి దిగే పీత. మొక్కల్లో ఇంకెక్కడా లేనివి పదో ఎన్నో, ఎక్కువ భాగం చిన్న ఫెర్న్‌లు, అంటే పువ్వులు పూయని ఆకు మొక్కలు. పక్షులు మాత్రం లక్షల్లో. వేటాడే జంతువే లేని చోట గూడు చెట్టు మీద కట్టాల్సిన పని లేదు, నేల మీద రాయి పక్కన గుడ్డు పెట్టేసి కూర్చోవచ్చు. అక్కడి పక్షుల బలం అదే, బలహీనత కూడా అదే.

పోర్చుగీసు నావికులు 1501లో ఈ దీవిని చూశారు. 1503లో వచ్చిన పోర్చుగీసు నౌకాధిపతి అల్బుకర్క్ దానికి ఈ పేరు పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన ఓడలవాళ్లు మేకలను వదిలి వెళ్లారు, మళ్లీ వచ్చినప్పుడు మాంసం దొరుకుతుందని. ఆ కాలంలో ఎక్కడ కొత్త దీవి కనిపించినా ఇదే పద్ధతి. మేకలు కొండ మీది పచ్చదనాన్ని శతాబ్దాల పాటు మేశాయి. అవి రాకముందు అక్కడ ఏమేం మొలిచేవో ఎవరూ రాసి పెట్టలేదు కాబట్టి ఏం పోయిందో పూర్తిగా చెప్పడం ఇప్పుడు సాధ్యం కాదు.

1656లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఇక్కడ దిగినప్పుడు ఎగరలేని ఒక చిన్న పక్షిని చూశాడు. బొమ్మ గీసుకున్నాడు, పట్టుకుని కాల్చుకుని తిన్నట్టు కూడా రాశాడు. ఆ పక్షి ఇప్పుడు లేదు. తర్వాత దొరికిన ఎముకలను బట్టి శాస్త్రవేత్తలు దానికి మండీ పేరు మీదే మండియా అని పేరు పెట్టారు. నేల మీద తిరిగే ఆ పక్షిని ఏది అంతం చేసిందో ఖాయంగా చెప్పలేకపోయినా అనుమానమంతా ఎలుకల మీదే. 1701లో ఇంగ్లీషు నావికుడు డాంపియర్ ఓడ ఈ తీరంలో మునిగింది, ఎలుకలు దానిలోంచే గట్టెక్కి ఉంటాయని చాలామంది అభిప్రాయం.

ఇక 1815. నెపోలియన్‌ను సెయింట్ హెలీనాలో బందీ చేశాక, ఎవరూ ఇటువైపు నుంచి వచ్చి విడిపించుకుపోకుండా బ్రిటిష్ నౌకాదళం అసెన్షన్‌లో కాపలా దళాన్ని పెట్టింది. దీవిని కాగితాల మీద ఏకంగా ఓ యుద్ధనౌకలా నమోదు చేసుకున్నారు. మనుషులు శాశ్వతంగా ఉండడం మొదలైంది అప్పుడే. గోదాముల్లో ఎలుకలు పెరిగాయి, పిల్లులను తెచ్చారు. పిల్లికి ఎలుకను తరమడం కన్నా, నేల మీద కదలకుండా కూర్చున్న పక్షిని పట్టడం చాలా తేలిక. కొన్ని దశాబ్దాల్లోనే అవి అడవి పిల్లుల్లా మారి దీవంతా వ్యాపించాయి. 1836లో డార్విన్ దిగే నాటికే పిల్లుల బెడద కళ్లకు కనిపించేంతగా ఉంది. ఒక్కో పక్షి జాతీ ప్రధాన దీవిని వదిలేసింది. కొన్ని నిలువు కొండ అంచులకు, ఎక్కువ భాగం బోట్స్‌వెయిన్‌బర్డ్ బండ మీదకు. ఎలుకలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

1880లలో తెగుళ్ల పురుగులను తింటాయని గోరింకలను తెచ్చి వదిలారు, మన ఊళ్లలో కరెంటు తీగల మీద కూర్చునే అదే గోరింక. అది పురుగులతో పాటు సముద్ర పక్షుల గుడ్లను కూడా పొడిచి తినడం నేర్చుకుంది.

ఫ్రిగేట్ పక్షి పరిస్థితి అన్నిటికన్నా ఎందుకు సున్నితమో దాని జీవితం చూస్తే తెలుస్తుంది. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మీటర్లు, తేలికైన ఒళ్లు. కానీ రెక్కలకు నీళ్లను తట్టుకునే నూనె సరిగా లేదు, సముద్రపు పక్షే అయినా సముద్రం మీద దిగలేదు. నీటి పైకి ఎగిరిన చేపను గాల్లోనే అందుకోవాలి, లేదా ఇంకో పక్షి పట్టుకున్నదాన్ని లాక్కోవాలి. పెట్టేది ఒక్క గుడ్డు. పిల్ల ఎగరడానికే ఆరేడు నెలలు పడుతుంది, ఎగిరాక కూడా చాలా కాలం తల్లే మేపాలి. అంటే ఒక జంట నుంచి ఏడాదికి ఒక పిల్ల కూడా రాదు. ఇంత నెమ్మదిగా పెరిగే జాతి గూళ్లలోకి ఒక పిల్లి వచ్చిపోతుంటే ఆ నష్టాన్ని అది ఎన్నటికీ పూడ్చుకోలేదు.

2001లో బ్రిటన్ ప్రభుత్వ డబ్బుతో, ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ ముందుండి పిల్లుల నిర్మూలన మొదలుపెట్టింది. బోనులు, విషం కలిపిన ఎర, రాత్రిళ్లు గాలింపు. లావా రాళ్ల సందుల్లో, గుహల్లో దాక్కునే జంతువును ఒక్కటి కూడా మిగలకుండా పట్టాలి, ఎందుకంటే ఒక జంట మిగిలితే పదేళ్లలో కథ మళ్లీ మొదటికి వస్తుంది. 2004లో ఆఖరి అడవి పిల్లి జాడ కనిపించింది. రెండేళ్లు గాలించి, ఇంకేమీ లేవని నిర్ధారించుకుని 2006లో దీవిని అడవి పిల్లులు లేని చోటుగా ప్రకటించారు.

ఇక్కడ ఒక చేదు విషయం ఉంది, దాన్ని దాటేసి విజయం గురించి మాత్రమే రాయడం సరికాదు. ఇళ్లలో పెంచుకునే పిల్లులను చంపబోమని జనానికి మాటిచ్చారు. వాటికి ఆపరేషన్లు చేయించి, గుర్తింపు చిప్‌లు పెట్టారు. అయినా విషపు ఎర తిని, బోనుల్లో పడి, పెంపుడు పిల్లుల్లో మూడో వంతుకు పైగా చనిపోయాయి. జనం మండిపడ్డారు, మండిపడాల్సిందే కూడా. కొన్ని వందల మంది మాత్రమే ఉండే ఊళ్లో, ఇంటికొచ్చి పడుకోవాల్సిన జంతువు తిరిగి రాకపోతే ఆ బాధ చిన్నది కాదు. ఇలాంటి పనులు చేసేవాళ్లు ఈ లెక్కను ముందే జనం ముందు పెట్టాలి. ‘మీ పెంపుడు జంతువుకు ఏమీ కాదు’ అని హామీ ఇచ్చి తర్వాత సారీ చెప్పడం కన్నా, ప్రమాదం ఉందని ముందే చెప్పి, ఆ రోజుల్లో పిల్లులను ఇంట్లోనే కట్టడి చేయించి ఉంటే నమ్మకం మిగిలేది.

పక్షుల వైపు నుంచి చూస్తే మాత్రం ఫలితం ఎవరూ అనుకోనంత త్వరగా వచ్చింది. నిర్మూలన పూర్తి కాకముందే మాస్క్‌డ్ బూబీలు అనే సముద్ర పక్షులు ప్రధాన దీవి మీద గూళ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ వెనకే బ్రౌన్ బూబీలు, మరికొన్ని జాతులు. వాటిని ఎవరూ పట్టి తేలేదు, పెంచి వదల్లేదు. ఎదురుగా కనిపిస్తున్న నేల ఇప్పుడు ప్రమాదం లేనిదని అవే తెలుసుకుని వచ్చాయి. ఫ్రిగేట్ పక్షి ఒక్కటే ఆలస్యం చేసింది, 2012 దాకా. పుట్టిన చోటుకే తిరిగొచ్చి గుడ్డు పెట్టే అలవాటు దానిది, ఆ బండ మీద పుట్టినవి ఎదుటి తీరానికి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటి నుంచి ప్రధాన దీవి మీది గూళ్లు పెరుగుతూ వచ్చాయి.

అన్ని పక్షుల విషయం ఇంత బాగా లేదు. ఈ దీవిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది సూటీ టెర్న్, అక్కడివాళ్లు వైడ్‌అవేక్ అంటారు, రాత్రింబవళ్లు నిద్రపోకుండా అరుస్తుంది కాబట్టి. దీని లెక్క విచిత్రంగా ఉంటుంది. మిగతా చాలా చోట్ల ఏడాదికోసారి గుడ్లు పెట్టే ఈ పక్షి, అసెన్షన్‌లో తొమ్మిదిన్నర నెలలకోసారి వస్తుంది, చంద్రుడి లెక్కన పది నెలలు. అందుకే ఒకసారి జనవరిలో వస్తే ఇంకోసారి అక్టోబరులో దిగుతుంది. 1942లో అమెరికా సైన్యం ఇక్కడ విమానాల పట్టీ వేసినప్పుడు ఈ గుంపులే అడ్డం అయ్యాయి, ఆ విమానాశ్రయానికి ఇప్పటికీ వైడ్‌అవేక్ అనే పేరే ఉంది. అప్పట్లో పది లక్షలకు పైగా ఉండేవని అంచనా వేసిన పక్షులు, 1990 నాటికి 80 శాతానికి పైగా తగ్గిపోయాయి. పిల్లులు పోయాక బాగా పుంజుకుంటాయని అందరూ ఎదురుచూశారు. అంతగా పుంజుకోలేదు.

కారణం ఒకటే అయితే చెప్పడం తేలిక. పిల్లి పెద్ద పక్షులను తినేది, నిజమే, కానీ అదే పిల్లి ఎలుకలను కూడా తినేది. పిల్లి పోగానే ఎలుక మీద ఉన్న ఒక్క అదుపూ పోయింది. ఎలుకలు గుడ్లనూ పిల్లలనూ తింటాయి, గోరింకలు గుడ్లు పొడుస్తాయి. వీటికి తోడు సముద్రంలో ఆహారం కూడా మారింది. టెర్న్ వేట చాలా వరకు కింద నుంచి ట్యూనా అనే పెద్ద చేప తరిమితే పైకి తేలే చిన్న చేపల మీద ఆధారపడి ఉంటుంది. ట్యూనా తగ్గితే పైన పక్షికీ తిండి తగ్గుతుంది. ఒక శత్రువును తీసేస్తే చాలు అనుకున్న చోట అసలు లెక్క సముద్రంలో కూడా ఉందని తేలింది. 2019లో దీవి చుట్టూ ఉన్న దాదాపు 4.4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి పెద్ద ఎత్తున చేపల వేటను ఆపేయడానికి ఇది కూడా ఒక నేపథ్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినదానికన్నా ఒకటిన్నర రెట్లకు మించిన నీళ్లు అవి. ఆ నీళ్ల మీద నిఘా పెట్టడం కూడా అంత పెద్ద పనే, ఉపగ్రహాలు లేకుండా కుదరదు.

గ్రీన్ మౌంటెన్ దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం ఇంకా చిక్కుగా మారుతుంది. 1843లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఇక్కడికి వచ్చాడు. కాపలా దళానికి అప్పుడు పెద్ద కష్టం తాగునీళ్లు. చెట్లు పెడితే మబ్బులోని తేమను పట్టి ఆపుతాయి, మట్టి ఏర్పడుతుంది, ఊట పెరుగుతుంది, హుకర్ ఇచ్చిన సలహా సారాంశం ఇది. ఆ తర్వాత ఏళ్ల తరబడి లండన్ క్యూ ఉద్యానవనం నుంచి, దక్షిణ ఆఫ్రికా నుంచి, ఇంకా చాలా చోట్ల నుంచి ఓడల మీద మొక్కలు వచ్చాయి. బోడికొండ మీద ఇప్పుడు నిజంగానే అడవి ఉంది, శిఖరం దగ్గర వెదురు, దాని కింద అల్లం జాతి మొక్కలు, జామ, యూకలిప్టస్. ప్రపంచంలో వేర్వేరు మూలల్లో పుట్టి ఒకదాన్నొకటి ఎన్నడూ చూడని మొక్కలు కలిసి ఇక్కడ ఒక మబ్బు అడవి అయ్యాయి. ఎడారిని పచ్చగా మార్చవచ్చనడానికి ఇదే సాక్ష్యం అని, అంగారక గ్రహం మీద కూడా ఇలా చేయొచ్చని రాసేవాళ్లు ఉన్నారు.

అలా రాసేవాళ్లు ఈ కొండ చరిత్రలో సగమే చెబుతున్నారు. హుకర్ వచ్చే నాటికి కొండ ఖాళీగా లేదు, చెట్లు లేవు అంతే. దాని మీద ఇంకెక్కడా లేని ఫెర్న్‌ల పరుపు ఉండేది. వచ్చిన మొక్కలు వాటి చోటును, వెలుతురును లాక్కున్నాయి. దీవికే ప్రత్యేకమైన మూడు మొక్కలు ఇప్పటికే అంతరించాయి. నాలుగోది కూడా పోయిందనే అనుకున్నారు, అనోగ్రమ్మా అసెన్షియోనిస్ అనే చిన్న ఫెర్న్, చూడడానికి కొత్తిమీర ఆకులా ఉంటుంది. 2003లో దాన్ని అధికారికంగా అంతరించిన జాబితాలో చేర్చారు. 2009లో దీవి పరిరక్షణ విభాగంలో పని చేసే స్టెడ్సన్ స్ట్రౌడ్, వృక్షశాస్త్రవేత్త ఫిల్ లామ్డన్ కొండ దక్షిణపు నిటారు వాలు మీద వెతుకుతుంటే బండకు అంటుకుని అది కనిపించింది. మొత్తం నాలుగు మొక్కలు. ఎండాకాలం అవి ఎండిపోకుండా తాడు పట్టుకుని దిగి నీళ్లు పోస్తూ, చుట్టూ పెరిగే కలుపు తీస్తూ కాపాడారు. బీజాలు ముదిరాక ఒక చిన్న ముక్కను శుభ్రమైన డబ్బాలో పెట్టి, సైనిక విమానంలో 24 గంటల్లోపు క్యూ ప్రయోగశాలకు చేర్చారు. అక్కడ అవి మొలిచి పదుల మొక్కలయ్యాయి. ఒకప్పుడు ఈ ఫెర్న్‌కు ఎసరు పెట్టిన మొక్కలు ఏ ఉద్యానవనం చేతుల మీదుగా వచ్చాయో, దాన్ని బతికించిందీ అదే ఉద్యానవనం.

మరి ఆ అడవిని కొట్టేయాలా? కొట్టేయాలనే వాదన వినడానికి న్యాయంగా ఉంటుంది కానీ కొండ మీదికి వెళ్లి చూస్తే నిలబడదు. మిగిలిన స్థానిక ఫెర్న్‌లలో ఒకటి ఇప్పుడు ఆ పరాయి చెట్ల కాండాల మీది నాచులోనే బతుకుతోంది. చెట్లను నరికితే దాని ఇల్లు కూడా పోతుంది. కొండ వాలు మట్టిని పట్టి ఉంచిందీ ఆ వేళ్లే. అందుకే ఇక్కడి పరిరక్షణ సిబ్బంది కొండ మొత్తాన్ని 1843కు ముందు స్థితికి తీసుకెళ్లే పని పెట్టుకోలేదు. ఫెర్న్‌లు ఉన్న చిన్న చిన్న చోట్లను ఎంచుకుని, అక్కడ మాత్రం కలుపు తీసి, నర్సరీలో పెంచిన మొక్కలను తిరిగి నాటుతున్నారు. 2005 నుంచి కొండ జాతీయ పార్కు. చూడడానికి ఇది చాలా చిన్న పనిలా ఉంటుంది, కానీ ఇంతకన్నా సరైన దారి కనిపించదు. వెనక్కి పోలేని చోట వెనక్కి పోతున్నట్టు నటించడం వల్ల ఫెర్న్‌కు ఏమీ ఒరగదు.

కింద ఎండు మైదానంలో జరుగుతున్నది మాత్రం తెలుగువాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది: సర్కారు తుమ్మ. కొన్ని ఊళ్లలో ఇంగ్లీషు తుమ్మ అంటారు, సీమలో కంపచెట్టు. అసెన్షన్‌లో దాన్ని మెక్సికన్ ముల్లు అంటారు. 1960లలో బీబీసీ రేడియో ప్రసార కేంద్రం కోసం టూ బోట్స్ అనే ఊరు కట్టిన కాలంలో నాటిన చెట్ల నుంచి ఇది వ్యాపించిందని చెబుతారు. కాయ తియ్యగా ఉంటుంది, దీవిలో స్వేచ్ఛగా తిరిగే గాడిదలు, గొర్రెలు తిని ఎక్కడపడితే అక్కడ విత్తనం చల్లేస్తాయి. వేరు ఎంత లోతు నీటినైనా వెతుక్కుంటుంది. కొట్టేస్తే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మన చెరువు గట్ల మీద, బీళ్లలో ఏం చేసిందో అక్కడా అదే చేసింది, బోడి లావా నేలను ముళ్ల పొద చేసింది.

ఈ చెట్టు మన దేశంలో తొలిసారి నాటింది ఎక్కడో దూరాన కాదు, కడప జిల్లా కమలాపురంలో. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ ఎండు నేలల్లో వంటచెరకు కోసం దీని విత్తనాలు కావాలని రాసి తెప్పించాడు. తెచ్చిన ఉద్దేశం మంచిదే, పొయ్యిలోకి కట్టె కావాలి, నేల ఖాళీగా ఉంది. ఆ రోజు కమలాపురంలో వేసిన లెక్కా, తొంభై ఏళ్ల తర్వాత అట్లాంటిక్ దీవిలో వేసిన లెక్కా ఒకటే, ఎండిన నేలను పనికిరాని నేల అనుకోవడం. అక్కడ ఆ ఖాళీ నేలే టెర్న్‌లకు పురిటి గది, తాబేళ్లకు గుడ్లు పెట్టే ఇసుక, యుఫోర్బియా ఒరిగనాయిడిస్ అనే చిన్న స్థానిక మొక్కకు మిగిలిన ఏకైక చోటు. మన దగ్గర కనీసం బొగ్గు కాల్చేవాళ్లకు, పొయ్యి కట్టెకు అది ఉపయోగపడుతోంది, ఎంతోమంది పేదల కూలి దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి ‘మొత్తం పీకేద్దాం’ అన్నంత తేలిక కాదు. అసెన్షన్‌లో ఆ అవసరం కూడా లేదు. 1990ల చివర దాని గింజను, ఆకును తినే పురుగులను తెచ్చి వదిలారు. కొంత పని చేసింది, చెట్టు మాత్రం పోలేదు. పురుగును తేవడం కూడా మళ్లీ బయటి ప్రాణిని తేవడమే కదా అంటే అవును, కాకపోతే ఈసారి అది ఈ ఒక్క చెట్టునే తింటుందో లేదో పరీక్షించి తెచ్చారు. పిల్లినీ గోరింకనూ తెచ్చినవాళ్లు ఆ ప్రశ్నే వేసుకోలేదు.

అన్నిటికన్నా సూటిగా ఉన్న కథ తాబేళ్లది. గ్రీన్ టర్టిల్ అనే పెద్ద పచ్చ తాబేలు బ్రెజిల్ తీరంలో సముద్రపు గడ్డి తిని పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి రెండు వేల కిలోమీటర్లకు పైగా ఈది ఈ చుక్కంత దీవిని వెతుక్కుంటూ వస్తుంది. ఇక్కడ ఉన్న నెలల్లో దాదాపు తిండే ఉండదు, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ డిసెంబరు నుంచి జూన్ మధ్య విడతలు విడతలుగా గుడ్లు పెట్టి తిరిగి వెళ్లిపోతుంది. బ్రిటిష్ దళం ఈ తల్లులను ఒడ్డుకు రాగానే వెల్లకిలా తిప్పేసి పట్టేది. సముద్రం పక్కన కట్టిన చెరువుల్లో బతికుండగానే నిల్వ పెట్టి, వచ్చిన ఓడలకు, లండన్‌లో సూప్ తాగే పెద్దలకు పంపేవారు. ఆ చెరువుల గోడలు జార్జ్‌టౌన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మొదలైన వేట 1930ల దాకా సాగింది.

తర్వాత ఆపేశారు. ఇంచుమించు చేసింది అంతే. పిల్లలను ట్యాంకుల్లో పెంచడం, గుడ్లను తవ్వి తరలించడం లాంటి పెద్ద పథకాలేవీ ఈ పెరుగుదల వెనక లేవు. ఆపిన వెంటనే ఏమీ కనిపించలేదు, ఎందుకంటే ఈ తాబేలు తల్లి కావడానికే రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. 1970ల చివర లెక్కపెట్టినప్పుడు ఏడాదికి సగటున 3,700 గూళ్లు. 2010 తర్వాత లెక్కపెట్టినప్పుడు సుమారు 23,700. ఆరు రెట్లకు పైగా. ఒక తరం చేసిన మంచి పని ఫలితం తర్వాతి తరం చూసింది. ఎన్నికల కాలాన్ని, ప్రాజెక్టు గడువును బట్టి పరిరక్షణను కొలిచే చోట ఈ తాబేళ్లు ఎప్పటికీ ‘ఫెయిల్’ కిందే లెక్కకు వచ్చేవి.

ఈ ఇసుకలో ఇంకో సంగతి కూడా ఉంది. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది గూటి వేడి, వేడి పెరిగితే ఆడవి ఎక్కువ, మరీ పెరిగితే గుడ్డే చచ్చిపోతుంది. అసెన్షన్‌లో నార్త్ ఈస్ట్ బే ఇసుక నల్లది, బాగా కాలుతుంది. కొన్ని కిలోమీటర్ల దూరంలోని లాంగ్ బీచ్ ఇసుక తెల్లగా, చల్లగా ఉంటుంది. శాస్త్రవేత్తలు రెండు తీరాల తల్లుల గుడ్లనూ ఒకే వేడిలో పెట్టి చూస్తే, నల్ల ఇసుక తల్లుల గుడ్లు వేడిని ఎక్కువ తట్టుకున్నాయి. ఒకే దీవి, ఒకే జాతి, పక్కపక్క తీరాలు, అయినా పుట్టిన ఇసుకకే తిరిగి రావడం వల్ల తరాల మీద అంత తేడా వచ్చింది. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో నల్ల ఇసుక తాబేళ్లు కాపాడుకోవాల్సిన ఆస్తి. ఒక తీరం పోయినా ఇంకో తీరం ఉందిగా అనే లెక్క ఇక్కడ చెల్లదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసుక మీదకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల విషయంలో కూడా ఏ తీరాన్నైనా ‘ఇది చిన్నదే కదా’ అని వదిలేసే ముందు ఈ పరిశోధన గుర్తుపెట్టుకోవాలి.

కాపాడినవన్నీ ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయని కూడా లేదు. గూటిలోంచి బయటపడి పగటి పూట నీటి వైపు పరుగెత్తే తాబేలు పిల్లలను ఫ్రిగేట్ పక్షులు పై నుంచి దిగి ఎత్తుకుపోతాయి. రెండూ కష్టపడి కాపాడుకున్న ప్రాణులే. దాని గురించి అక్కడ ఎవరూ కంగారు పడరు, పడాల్సిన పని కూడా లేదు, రెండూ మనిషి రాకముందు నుంచీ ఇలాగే కలిసి బతికాయి. కంగారు పడాల్సింది దీపాల గురించి. ఊళ్ల దగ్గర, సైనిక స్థావరాల దగ్గర వెలుతురు తీరం మీద పడితే పిల్లలు సముద్రం వైపు కాకుండా ఊరి వైపు పాకుతాయి. ఆ దీపాలను కిందికి తిప్పడం, రంగు మార్చడం లాంటి చిన్న పనులకు ఖర్చు తక్కువ, ఫలితం ఆ రాత్రే కనిపిస్తుంది.

ఇదంతా చేస్తున్నది ఎవరు అనేది కూడా తెలియాలి. అసెన్షన్‌లో ఉండేది 800 మంది దాకా, ఎక్కువ మంది సెయింట్ హెలీనా నుంచి పనికి వచ్చినవాళ్లు. అక్కడ ఎవరికీ శాశ్వత నివాస హక్కు లేదు. ఉద్యోగం ఉన్నంతకాలమే దీవి, అయిపోతే వెళ్లిపోవాలి, అక్కడే పుట్టి పెరిగినా సరే. పొలాలు లేవు, మేత భూముల గొడవ లేదు, అందుకే మిగతా చోట్ల పరిరక్షణకు ఎదురయ్యే భూమి తగాదా ఇక్కడ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దానికి ఇంకో వైపు ఉంది. ఫెర్న్ ఎక్కడ మొలుస్తుందో, పీతలు ఏ వెన్నెలకు దిగుతాయో ఏళ్ల తరబడి తిరిగి తెలుసుకున్న మనిషి ఒప్పందం ముగిసి వెళ్లిపోతే ఆ జ్ఞానం కూడా వెళ్లిపోతుంది. 2017లో రన్‌వే పాడై పెద్ద విమానాలు ఏళ్ల తరబడి ఆగిపోయినప్పుడు దీవి ఇంకా ఒంటరిదైంది. పరిరక్షణకు వచ్చే డబ్బులో చాలా భాగం బ్రిటన్ నుంచి వచ్చే ప్రాజెక్టు గ్రాంట్లు, రెండు మూడేళ్లకోసారి కొత్తగా అడగాలి. ముప్పై ఏళ్లకు తల్లి అయ్యే తాబేలుకూ, మూడేళ్ల గ్రాంటుకూ పొంతన కుదరదు. నిజంగా మార్చాల్సింది ఇక్కడే, స్థానికంగా పని తెలిసినవాళ్లు అక్కడే స్థిరపడి ఉండే హక్కు, దీర్ఘకాలం నడిచే నిధి.

ఇప్పుడు మిగిలిన పెద్ద పని ఎలుకలు. మనుషులు లేని చల్లని దీవుల్లో హెలికాప్టర్ల నుంచి విషపు ఎర చల్లి ఎలుకలను పూర్తిగా తుడిచేసిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. అసెన్షన్‌లో ఆ పద్ధతి అలాగే పెడితే కుదరదు. ఇక్కడ చలికాలం లేదు, ఎలుకలు ఏడాది పొడవునా పిల్లలు పెడుతూనే ఉంటాయి. చల్లిన ఎరను ఎలుక కన్నా ముందే నేల పీత తినేస్తుంది, దానికి ఆ విషం పెద్దగా ఎక్కదు, ఎర మాత్రం ఖాళీ అవుతుంది. ఊళ్లో మనుషులు, పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్నారు, కొండల్లో గొర్రెలు, గాడిదలు ఉన్నాయి. అందుకే ప్రస్తుతానికి టెర్న్‌లు గుడ్లు పెట్టే మైదానాల చుట్టూ ఎర డబ్బాలు పెట్టి, పక్షులు దిగిన కాలంలో ఎలుకలను తగ్గించడం వరకే చేస్తున్నారు. ఇది ఏటా చేయాల్సిన చాకిరీ, ఒక్క సీజన్ మానేసినా ఎలుకలు తిరిగి నిండుతాయి. పిల్లుల నిర్మూలనలో పెంపుడు పిల్లులను పోగొట్టుకున్న ఊరు, దీవి మొత్తానికి విషం చల్లుతామంటే ఒప్పుకోవాలంటే ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడాలి, పీతల చిక్కు తేల్చాలి, ఆ తర్వాతే హెలికాప్టరు సంగతి.